మొటిమలు – చర్మవ్యాధులు – సాలిసిలిక్ ఆమ్లము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్యవిషయము కాదు. తెలుగునాట గ్రంథాలయములు కావ్యపురాణముల కొరకు మాత్రమే వెలసినవి కావు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, చరిత్రముతోబాటు శాస్త్రవిషయములను గూడ తేటతెలుగున జనుల కందింపవలెనని సంకల్పించినది. ఆ సంప్రదాయము ననుసరించియే నేటి ప్రసంగమునకు ఒక చిన్న శాస్త్రవిషయము ఎన్నుకొనబడినది. విషయము చిన్నదే, కాని ప్రతి యింటి అద్దములోను కనబడునట్టిది.

పదునాలుగు పదునైదేండ్లు వచ్చునప్పటికి పిల్లల ముఖములపై మొటిమలు పొడచూపుట సర్వసాధారణము. పెద్దలు దానిని వయసు లక్షణమని నవ్వి యూరకుందురు. కాని అద్దము ముందు నిలిచిన పిల్లకు అది నవ్వులాట కాదు. తోటివారు హేళన చేయుదురేమోనని బడికి పోవుటకు జంకును. ఫొటో తీయునప్పుడు వెనుక వరుసకు తప్పుకొనును. పెండ్లిచూపులనాడు తల యెత్తలేక కూర్చుండును. తల్లి మనసు ఊరకుండునా? పట్టణమునకు పోయినపుడు మందుల దుకాణమున నిలిచి అడుగును: "బాబూ, మా పిల్ల మొగానికి ఏదైనా మంచి మందు ఇయ్యి నాయనా." దుకాణదారు వెనుకకు చూడకయే ఒక ట్యూబు తీసి యిచ్చును: "ఇది రాయించమ్మా, నాలుగు రోజుల్లో నున్నగా అవుతుంది."

నాలుగు రోజులలో ముఖము నిజముగానే నున్నబడును. అందరును సంతోషింతురు. నాలుగు నెలలు గడచునప్పటికి ఆ ముఖమే ఎఱ్ఱబడి, చర్మము పలుచనై, ఎండ సోకినంతనే మండుచు, మునుపటికంటె దట్టముగా మొటిమలు లేచును. చెక్కిళ్ళపై నూగువెండ్రుకలు మొలుచుటయు కలదు. మందు మానినచో మంట, మానకున్నచో మొటిమ. ఆ పిల్ల ఎటును కదలలేని స్థితి వచ్చును. ఆ ట్యూబులో నున్నది మొటిమల మందు కాదు. స్టీరాయిడు అను మఱియొక జాతి మందు. దాని పేరు ట్యూబు మీద చిన్న అక్షరములలో అచ్చువేయబడియే యున్నది. చదివినవారు లేరు.

ఈ ప్రసంగము ఆ చిన్న అక్షరములను గూర్చినది. నాలుగు రోజులలో మాయ చేయక, నాలుగు వారములు గడచిన పిమ్మట గాని గుణము చూపని ఒక పాత మందును గూర్చినది. దాని పేరు సాలిసిలిక్ ఆమ్లము.

ముందుగా మొటిమ యననేమో తెలిసికొనవలెను. చర్మమున వెండ్రుక మొలుచు ప్రతి రంధ్రమును ఒక చిన్న బావి వంటిది. దానిని రోమకూపము అందురు. ఆ కూపమునకు ప్రక్కనే ఒక తైలగ్రంథి యుండి, చర్మమును మెత్తగా నుంచుటకై కొంచెము కొంచెముగా నూనె నూరించుచుండును. యౌవనారంభమున శరీరములో పుట్టు కొన్ని రసములవలన ఆ గ్రంథులు పెరిగి, నూనె హెచ్చుగా ఊరును. అదే సమయమున కూపము లోపలి గోడలనుండి రాలవలసిన మృతకణములు సరిగా రాలక, నూనెతో కలిసి ముద్దయై, బావికి బిరడా వలె అడ్డుపడును. మూత తెఱచియున్న బిరడా గాలి సోకి నల్లని చుక్కవలె కనబడును. మూత పడినది తెల్లని పొక్కువలె కనబడును. లోపల నిలువయున్న నూనెలో, ప్రతి మనిషి చర్మమునను సహజముగా నుండు ఒక సూక్ష్మజీవి పెరుగును. అప్పుడు వాపు, ఎఱుపు, నొప్పి, చీము వచ్చును. ఇదియే మొటిమ.

దీనినిబట్టి రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది, ఆ నల్లని చుక్క మురికి కాదు. చర్మమునకు రంగునిచ్చు పదార్థమును, గాలి సోకి మాఱిన నూనెయు కలిసి ఆ నలుపు వచ్చును. కావున నలుగుపిండితోను, ముతక గుడ్డతోను ముఖమును రుద్ది రుద్ది తోమినంత మాత్రమున అది పోదు. చర్మము రేగి మొటిమ హెచ్చును. రెండవది, పిల్ల శుభ్రముగా లేనందుననే మొటిమలు వచ్చినవని నిందించుట అన్యాయము. 'వేడి చేసినది' అను మాటకును తగిన ఆధారము లేదు. తీపిపదార్థములు, మైదాతో చేసిన తినుబండారములు మితిమీఱినచో కొందరిలో మొటిమలు హెచ్చునని మాత్రము పరిశోధనలు సూచించుచున్నవి. తలకు దట్టముగా పట్టించిన నూనె నుదుటిమీదికి జాఱుటచేత నుదుట పొక్కులు లేచుట గూడ కలదు.

ఇక సాలిసిలిక్ ఆమ్లము సంగతి. దీని పేరు విల్లో అను చెట్టు యొక్క లాటిను నామమైన 'సాలిక్స్' నుండి వచ్చినది. నీటిపట్టున పెరుగు ఆ చెట్టు బెరడును జ్వరములకును నొప్పులకును వాడుట పశ్చిమదేశములలో బహుపురాతనమైన అలవాటు. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను ఆంగ్ల మతాచార్యుడు ఆ బెరడు పొడి చలిజ్వరములకు పనిచేయుచున్నదని లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. 1828లో జర్మనీలో బుఖ్నర్ అను పండితుడు బెరడునుండి సారమును వేఱుచేసెను. 1838లో ఇటలీ దేశీయుడైన రాఫయేల్ పిరియా ఆ సారమునుండి ఈ ఆమ్లమును రాబట్టెను. తరువాత హెర్మన్ కోల్బె అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు చెట్టుతో పనిలేకుండ, ఫినాల్‌ను, మనము విడుచు ఊపిరిలో నుండు బొగ్గుపులుసు వాయువును కలిపి దీనిని తయారుచేయు మార్గమును కనుగొనెను. 1874లో డ్రెస్డెను నగర ప్రాంతమున కర్మాగారము వెలసినది. అంతవఱకు అరుదైన మందు అందరికిని అందుబాటులోనికి వచ్చినది. 1897లో బాయర్ సంస్థలో ఫీలిక్స్ హాఫ్‌మన్ దీనికి చిన్న మార్పు చేయగా వచ్చినదే తలనొప్పికి మ్రింగు ఆస్పిరిన్. నొప్పులకు రుద్దుకొను బామ్‌ల ఘాటైన వాసనకు కారణమైన వింటర్‌గ్రీన్ నూనె గూడ ఈ కుటుంబములోనిదే. ఆ నూనె నిచ్చు పొద నీలగిరి కొండలలో పెరుగుచున్నది.

రైతుసోదరులకు ఆసక్తి కలిగించు సంగతి మఱియొకటి కలదు. మొక్కలు ఈ ఆమ్లమును మన కొరకు తయారుచేయుట లేదు. తమ రక్షణ కొరకే తయారుచేసికొనుచున్నవి. ఒక ఆకునకు తెగులు సోకినపుడు మొక్కలో ఈ ఆమ్లము హెచ్చి, మిగిలిన ఆకులు తెగులు నెదిరించుటకు సిద్ధపడును. 1979లో ఆర్. ఎఫ్. వైట్ అను శాస్త్రజ్ఞుడు పొగాకు మొక్కలకు ఆస్పిరిన్ నిచ్చి, అవి మొజాయిక్ తెగులును మునుపటికంటె బాగుగ నెదిరించుచున్నవని చూపెను. గుంటూరు, ప్రకాశము జిల్లాల పొగాకు రైతులు ఎఱిగిన తెగులే అది.

చర్మమునకు దీనిని శాస్త్రీయముగా వాడినవారిలో హాంబర్గు నగరవాసియైన పాల్ గెర్సన్ ఉన్నా ముఖ్యుడు. 1880 తరువాతి సంవత్సరములలో ఆయన ఈ ఆమ్లము చర్మము మీద చేయు పనిని వివరించెను. అది యేమనగా: మన చర్మపు పైపొర బ్రదికియున్న పొర కాదు. ఇంటికప్పు పెంకుల వలె ఒకదానిపై నొకటి పేర్చబడిన మృతకణముల పొర. ఆ కణములను ఒకదానితో నొకటి పట్టియుంచు బంధములను ఈ ఆమ్లము సడలించును. అప్పుడు పొలుసులు మెల్లగా ఊడివచ్చును. కావున ఇది చర్మమును కాల్చునని కాక, కట్టు విప్పునని చెప్పుట సమంజసము.

మఱి పెరుగులో ఆమ్లము లేదా? చెఱకులో లేదా? చింతపండులో, నిమ్మపండులో లేదా? ఉన్నది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లమును, చెఱకులో దొరకు గ్లైకాలిక్ ఆమ్లమును గూడ వైద్యులు చర్మమునకు వాడుదురు. కాని అవి నీటిలో కరగునవి. చర్మపు పైభాగముననే పనిచేయును. సాలిసిలిక్ ఆమ్లము చల్లని నీటిలో అంతగా కరగదు. సారాయములోను, నూనెలోను కరగును. నూనెతో నిండిన రోమకూపములోనికి అది చొరబడగలదు. బావిలోని బిరడాను వదులుచేయుటకు కావలసిన గుణమిదియే. వాపును కొంచెము తగ్గించు గుణము గూడ దీనికి కలదు.

ఇప్పుడు అసలు విషయమునకు రావలెను. సాలిసిలిక్ ఆమ్లము మంచిదా, చెడ్డదా అని యెవరైన అడిగినచో, 'ఎంత శాతము?' అని తిరిగి ప్రశ్నింపవలెను. రెండు శాతమనగా నూఱు గ్రాముల మందులో రెండు గ్రాముల ఆమ్లమని యర్థము. మొటిమలకు వాడునది అర శాతమునుండి రెండు శాతము వఱకు. పొలుసులు కట్టు చర్మమునకు మూడు మొదలు ఆఱు శాతము. పులిపిరులకు సుమారు పదునేడు శాతము. ఆనెకాయలకు అంటించు పట్టీలో నలువది శాతము. పేరు ఒక్కటే, బలములో ఇరువది రెట్ల తేడా. ఆనెకాయ మందును ముఖమునకు పూసినచో మొటిమ పోదు, ముఖచర్మము కాలిపోవును. మొటిమ మందును ఆనెకాయకు పూసినచో ఏమియు కాదు. ఉప్పు లేని కూర చప్పన, ఉప్పు కషాయము విషము. మందు సంగతియు అంతే.

మొటిమలకు దీనిని వాడు పద్ధతి ఇది. ముఖమును దినమునకు రెండుసార్లు మెత్తని సబ్బుతో కడిగి, రుద్దక, అద్ది తుడుచుకొనవలెను. తడి ఆరిన పిమ్మట పలుచగా పూయవలెను. మొదట దినము విడిచి దినము, చర్మము ఓర్చుకొనినచో ప్రతిదినము. కన్నులకును, పెదవులకును, ముక్కుపుటములకును తగులనీయరాదు. చిట్లిన చర్మము మీదను, పుండు మీదను పూయరాదు. ఎక్కువగా పూసిన త్వరగా తగ్గునను భ్రమ కూడదు. చర్మము పొడిబారినచో వాసన లేని మెత్తని క్రీము రాయవలెను. మంట పుట్టినచో కొన్నాళ్ళు మానవలెను. మొటిమలను గిల్లరాదు. గుణము తెలియుటకు ఎనిమిది మొదలు పండ్రెండు వారములు పట్టును. నేడు కనబడు మొటిమ కొన్ని వారముల క్రిందటనే లోపల మొలకెత్తినది గనుక, మందు పూసిన మఱునాడే ఫలితము వెదకుట విత్తనము చల్లిన మఱునాడే కొడవలి పట్టుట వంటిది.

తెలుగువారి చర్మము విషయమున ఒక హెచ్చరిక అవసరము. చామనచాయ, నల్లని చాయ గల చర్మము రేగినచో, ఆ రేగిన చోట నల్లని మచ్చ నెలల తరబడి నిలిచిపోవును. మొటిమ మానినను మచ్చ మానదు. పదునైన మందుతో త్వరపడినవారికి మొటిమకు బదులు మచ్చ మిగులును. అందుచేత తక్కువ శాతము, నిదానము, ఎండలో పోవునపుడు గొడుగో తలగుడ్డో తప్పనిసరి. ఇరువది, ముప్పది శాతముల ఆమ్లముతో చర్మమును ఒలిపించు చికిత్స ఒకటి కలదు. అది చర్మవైద్యుడు తన యెదుట, గడియారము చూచుచు చేయవలసిన పని. ఇంటిలో చేయదగినది కాదు.

ఈ ఆమ్లము అన్ని మొటిమలకును చాలునని చెప్పుట గూడ సత్యము కాదు. చుక్కలు, చిన్న పొక్కులు గలవారికి ఇది తగును. చీము పట్టిన మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ అను పూతమందులు దీనికంటె బలమైనవి. మొదటిది తువ్వాలు, దిండుగలీబుల రంగును పోగొట్టునని గుర్తుంచుకొనవలెను. రెండవది గర్భిణులు వాడరాదు. గోధుమ, యవలు మొదలగు ధాన్యములలో నుండు అజెలాయిక్ ఆమ్లము అను మఱియొకటి కలదు. పది మొదలు ఇరువది శాతము వఱకు దానిని వాడుదురు. మొటిమలతోబాటు అవి మిగిల్చిన మచ్చలకును, చెక్కిళ్ళపై వచ్చు మంగునకును అది ఉపకరించును. గర్భిణులకు వైద్యులు వ్రాయు మందులలో అది యొకటి. లోతుగా గడ్డలు కట్టి, నొప్పి పెట్టి, గుంటలు పడు మొటిమలకు మాత్రము ఆలసింపక వైద్యుని చూడవలెను. ఆడపిల్లలకు మొటిమలతోబాటు నెలసరి తప్పుట, గడ్డమున వెండ్రుకలు మొలుచుట కనబడినచో అది లోపలి రసముల తేడా కావచ్చును, సిగ్గుపడి దాచరాదు.

ఇక తామర. ఉక్కపోతలో, తడిబట్టలతో పొలము పని చేయువారికి నడుమున, తొడల సందులలో వచ్చు ఈ బాధ తెలియనివారు లేరు. ఇది ఒక జాతి బూజు వలన వచ్చును. ఒకరినుండి ఒకరికి అంటును. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దమున లండనులో ఆర్థర్ విట్‌ఫీల్డ్ అను వైద్యుడు బెంజాయిక్ ఆమ్లము ఆఱు పాళ్ళు, సాలిసిలిక్ ఆమ్లము మూడు పాళ్ళు కలిపి ఒక లేపనము చేసెను. బెంజాయిక్ ఆమ్లము బూజును పెరుగనీయదు. సాలిసిలిక్ ఆమ్లము బూజు కాపురమున్న పొలుసును ఊడ్చివేయును. ఒకటి దొంగను పట్టును, ఒకటి దొంగ దాగిన గడ్డివామును తొలగించును. చవుకయైన ఆ లేపనము ప్రపంచ ఆరోగ్యసంస్థ 1977లో ప్రకటించిన తొలి అత్యవసర ఔషధముల పట్టికలో చోటు సంపాదించినది. తరువాత దానికంటె మేలైన మందులు వచ్చినవి. గజ్జలలో ఆ లేపనము మండును గనుక అచట వాడకుండుటయే మంచిది. అదియుగాక ఇటీవలి సంవత్సరములలో భారతదేశమున తామర మొండిదై, సాధారణముగా పనిచేయు కొన్ని మందులకు లొంగకున్నది. స్టీరాయిడు కలిసిన లేపనములను విచ్చలవిడిగా వాడుట అందుకు ఒక ముఖ్యకారణమని వైద్యులు చెప్పుచున్నారు. స్టీరాయిడు దురదను అణచును, బూజును పోషించును. దురద తగ్గినదని రోగి సంతోషించును. తామర గుట్టుగా పాకిపోవును. కావున తామరకు వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడి, ఇంటిలో అంటినవారందరును ఒకేసారి చికిత్స పొందవలెను. బట్టలు ఎండలో ఆరవేయవలెను.

పులిపిరులకు గుఱ్ఱపు వెండ్రుక కట్టుట, అగరువత్తితో కాల్చుట, సున్నమును సోడాను కలిపి పెట్టుట పల్లెలలో నేటికిని కలదు. పులిపిరి ఒక వైరస్ వలన వచ్చునది. పిల్లలలో పెక్కు పులిపిరులు రెండు మూడేండ్లలో తమంత తామే పోవును. పోనిచో పదునేడు శాతము సాలిసిలిక్ ఆమ్లపు ద్రావకమును వాడవచ్చును. పులిపిరిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పైపొరను మెల్లగా అరగదీసి, చుట్టునున్న మంచి చర్మమునకు కొంచెము వాజలీను రాచి, పులిపిరి మీద మాత్రమే చుక్క వేయవలెను. దినదినమును ఇట్లు చేసిన పండ్రెండు వారములలో పెక్కింటికి గుణమిచ్చును. ముఖము మీదను, మర్మస్థానములందును ఉన్నవాటికి ఇది వాడరాదు. పుట్టుమచ్చను పులిపిరి యని భ్రమించి పూయరాదు. పెరుగుచున్న, రంగు మాఱుచున్న, రక్తము కాఱుచున్న మచ్చను వైద్యునకే చూపవలెను.

ఆనెకాయ పట్టీ విషయమున అందఱికంటె ఎక్కువ జాగ్రత్త పడవలసినవారు మధుమేహము గలవారు. ఈనాడు పల్లెలలోను మధుమేహము సామాన్యమైనది. ఆ వ్యాధి ముదిరినపుడు పాదములకు స్పర్శ తగ్గును, రక్తప్రసారమును తగ్గును. అట్టి పాదమునకు నలువది శాతము ఆమ్లమున్న పట్టీ అంటించినచో, అది ఆనెకాయను దాటి మంచి చర్మమును తినివేయుచున్నను నొప్పి తెలియదు. చిన్న పుండు పెద్దదగును. వ్రేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. పది రూపాయల పట్టీకి పాదము వెల యగును. ఇంటిలో పెద్దవారికి మధుమేహమున్నచో ఆ పట్టీని వారికి అందనీయకుండుటయే పిల్లలు చేయదగిన సేవ. ఆనెకాయకు అసలు కారణము చెప్పు ఒరిపిడి. చెప్పు మార్చనిచో ఆనెకాయ తిరిగి వచ్చును.

మడమల పగుళ్ళకును, చుండ్రునకును, సోరియాసిస్ పొలుసులకును గూడ ఈ ఆమ్లము తగిన శాతములో మేలు చేయును. సోరియాసిస్‌లో అది వ్యాధిని పోగొట్టదు. మందపు పొలుసును తొలగించి, ఇతర మందులు లోపలికి పోవుటకు దారి యిచ్చును. కాని ఒళ్ళంత పూయరాదు. చర్మము గుండ ఈ ఆమ్లము రక్తములోనికి పోవును. ఎక్కువ భాగమునకు, ఎక్కువ దినములు పూసినచో చెవులలో హోరు, వికారము, ఆయాసము, మగత కలుగును, ప్రాణాపాయమును రావచ్చును. పసిపిల్లలకు ఈ భయము మఱింత హెచ్చు. వారి చర్మము పలుచన. ఒంటి బరువుతో పోల్చినచో చర్మపు వైశాల్యము ఎక్కువ. కావున పసివారికిని, మూత్రపిండముల జబ్బు గలవారికిని, గర్భిణులకును వైద్యుని యనుమతి లేనిదే దీనిని రాయరాదు.

ప్రకృతిలో దొరకినది కనుక హాని చేయదను వాదము కొందఱికి ప్రియమైనది. పలాస ప్రాంతమున జీడిపిక్కలు ఒలుచు స్త్రీల చేతులను చూచినవారు ఆ వాదము చేయరు. జీడిపిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లము అను పదార్థము కలదు. అది సాలిసిలిక్ ఆమ్లమునకు దగ్గఱి చుట్టము. కార్డాల్ అను మఱియొక పదార్థముతో కలిసి అది చేతులను పొక్కించును. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టు నల్లజీడి రసమును గూడ పులిపిరులకు పెట్టి ఒళ్ళు కాల్చుకొనినవారు కలరు. నిమ్మరసము పూసి ఎండలో తిరిగినచో బొబ్బలెక్కి నల్లని మచ్చలు పడును. ఆస్పిరిన్ మాత్రను నూఱి ముఖమునకు పూయుట, పండ్లపొడి రాయుట గూడ ఇట్టి పనులే. వీటిలో ఆమ్లమెంత యున్నదో పూసినవారికి తెలియదు. కొలత తెలియని మందు చెట్టునుండి వచ్చినను, కర్మాగారమునుండి వచ్చినను ఒకటియే.

తిరిగి ఆ ట్యూబు దగ్గఱకు రావలెను. స్టీరాయిడు లేపనము స్వతహాగా చెడ్డది కాదు. గజ్జివలె కనబడు కొన్ని చర్మరోగములలో, వైద్యుని చేతిలో, కొద్ది దినములకు అది అమృతము వంటిది. ముఖమునకు నెలల తరబడి తెల్లబడుటకై రాచినపుడే అది విషమగును. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వము 14 రకముల స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన చేసినది. నిబంధన కాగితము మీద నున్నది. దాని ఫలము ప్రజల తెలివి మీద ఆధారపడియున్నది. కొన్ని లేపనములలో సాలిసిలిక్ ఆమ్లమును స్టీరాయిడును కలిపి యుంచుదురు. అవి సోరియాసిస్ వంటి వ్యాధులకు ఉద్దేశింపబడినవి. కావున 'సాలిసిలిక్' అను పేరు చూచినంతనే మొటిమల మందని తలపరాదు. దానితోబాటు మఱి యే పేరున్నదో చూడవలెను. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూవోసినోలోన్ — ఈ పేర్లలో ఏది యున్నను వైద్యుడు చెప్పక ముఖమునకు రాయరాదు. ఇప్పటికే నెలల తరబడి వాడుచున్నవారు ఈ మాట విని భయపడి నేడే మానివేయక, చర్మవైద్యుని కలిసి ఆయన చెప్పిన క్రమమున మానవలెను. ఒక్కసారిగా మానినచో మంటయు, వాపును దుస్సహమగును.

మందు కొనునపుడు ప్రతివారును చూడవలసినవి నాలుగు: లోపల నున్న మందు పేరేమి? ఎంత శాతము? ఏ భాగమునకు? ఎంతకాలము? వీటిలో మొదటి రెండును ట్యూబు మీద నుండును. తక్కిన రెండును వైద్యుని నోట నుండును. ట్యూబు మీది అక్షరములు ఇంగ్లీషువి, చీమతలకాయలంత చిన్నవి. అవి చదువలేని తల్లి ఏమి చేయవలెను? ఇక్కడనే గ్రంథాలయమునకు పని యున్నది. ఇరువదియైదు సంవత్సరములుగా ఇచట వార్తాపత్రికను బిగ్గఱగా చదివి పదిమందికి వినిపించుట జరిగినది. ఉత్తరములు వ్రాసిపెట్టుట జరిగినది. దరఖాస్తులు నింపిపెట్టుట జరిగినది. అదే బల్ల దగ్గఱ, చదువుకొనిన యువకుడో యువతియో కూర్చుండి, ఇరుగుపొరుగువారు తెచ్చిన మందు ట్యూబు మీది పేరును శాతమును చదివి చెప్పవచ్చును. వైద్యము చేయనక్కఱలేదు, చేయరాదు గూడ. చదివి చెప్పిన చాలును. "ఇందులో స్టీరాయిడు ఉందమ్మా, డాక్టరు గారికి చూపించి రాయించండి" అను ఒక్క మాట ఒక పిల్ల ముఖమును కాపాడును. "తాతగారూ, మీకు షుగరు ఉంది, ఈ పట్టీ వద్దు" అను ఒక్క మాట ఒక పాదమును కాపాడును.

అక్షరజ్ఞానమునకు ఇంతకంటె ప్రత్యక్షఫలము వేఱొకటి యుండబోదు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, నేడు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్న ఆడపిల్లలు ముందు వరుసలో తల యెత్తి కూర్చుందురుగాక.